యాంటీబయాటిక్ మందులు: ఇచ్చువారును పుచ్చుకొనువారును తెలిసికొనవలసిన సంగతులు

(ఆరోగ్య పాఠము)



మన సంఘ కుటుంబములలో ఆసుపత్రులలో పనిచేయు నర్సులు ఉన్నారు, నర్సింగ్ చదువుచున్న పిల్లలు ఉన్నారు, ఇంటిలో అత్తమామలకు, తల్లిదండ్రులకు వేళకు మందులు అందించు కోడళ్ళు, కుమారులు ఉన్నారు. ఈ పాఠము వారందరి నిమిత్తము వ్రాయుచున్నాము. నర్సింగ్ విద్యార్థులకు ఇది తరగతిలో విన్నదానిని జ్ఞాపకము చేయును. మిగిలినవారు తమ ఇంటిలోని మాత్రల పెట్టెను ఒకసారి తెరచి చూచుకొనుటకు ఉపయోగపడును.

మొదట ఒక్క మాట చెప్పి పాఠములోనికి వెళ్ళెదము. బి.పి. మాత్ర ఒకరు సరిగా వేసికొనకపోతే నష్టము ప్రధానముగా ఆ ఒకరికే. యాంటీబయాటిక్ అట్టిది కాదు. ఒకరు దానిని అడ్డదిడ్డముగా వాడినయెడల, ఆ మందుకు లొంగని క్రిములు ఆయన శరీరములో పెరిగి, ఇంటివారికిని, పొరుగువారికిని, ఆసుపత్రిలో ప్రక్క మంచము మీద ఉన్నవారికిని చేరును. ఒకని అజాగ్రత్తకు వేరొకడు వెల చెల్లించు మందు ఇది. ఈ పాఠమంతయు ఆ సంగతి చుట్టూనే తిరుగును.

1. ఏ జబ్బుకు ఈ మందు?

మనుష్యులకు అంటు జబ్బులు తెచ్చు సూక్ష్మక్రిములలో ముఖ్యముగా రెండు జాతులు మనము వినుచుందుము. ఒకటి బాక్టీరియా, రెండవది వైరస్. టైఫాయిడ్, క్షయ, కొన్ని రకముల న్యుమోనియా, మూత్రనాళపు ఇన్‌ఫెక్షను, చీము పట్టిన పుండ్లు బాక్టీరియా వలన వచ్చును. సాధారణమైన జలుబు, ఫ్లూ, డెంగీ, తట్టు, ఆటలమ్మ వైరస్ వలన వచ్చును. గొంతు నొప్పి, చిన్నపిల్లల నీళ్ళ విరేచనములు చాలవరకు వైరస్ వలననే వచ్చును.

ఈ పాఠములో చెప్పుకొను మందులు బాక్టీరియాను మాత్రమే చంపును, లేదా వాటి పెరుగుదలను ఆపును. వైరస్ మీద వీటికి ఏ శక్తియు లేదు. జలుబు చేసినవాడు మూడు రోజులు అమాక్సిసిలిన్ వేసికొని, నాలుగవ రోజున తగ్గితే, మందు వలన తగ్గినదని తలంచును. నిజమునకు ఆ జలుబు దానంతట అదే తగ్గు వేళకు తగ్గినది. ఆ మూడు రోజులలో మందు చేసిన పని ఏమనగా, ఆయన ప్రేగులలో ఉన్న మేలుచేయు బాక్టీరియాను కొంత చంపుట, బ్రతికియున్న వాటికి ఆ మందును అలవాటు చేయుట.

జ్వరము చూచి ఇది బాక్టీరియానా వైరసా అని మనము ఇంటిలో చెప్పలేము. డాక్టరు పరీక్షించి, అవసరమైతే రక్తము, మూత్రము, కళ్ళె పరీక్ష చేయించి చెప్పవలెను. గనుక "జ్వరము వచ్చినది, ఒక యాంటీబయాటిక్ ఇవ్వండి" అని మందుల షాపులో అడుగు అలవాటు మానవలెను.

2. ఈ మందులు లోకమునకు వచ్చిన విధము

1928లో లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అను వైద్యుడు, తాను బాక్టీరియా పెంచుచున్న గాజు పళ్ళెములో ఒక బూజు పెరుగుటయు, ఆ బూజు చుట్టూ బాక్టీరియా నశించుటయు గమనించెను. ఆ బూజునుండి వచ్చినదే పెన్సిలిన్. దానిని రోగులకు ఇవ్వదగిన మందుగా చేయుటకు ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్ అను వారు పాటుపడిరి. 1945లో ఈ ముగ్గురికిని నోబెల్ బహుమానము ఇవ్వబడినది. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో, ఆల్బర్ట్ షాట్జ్ అను విద్యార్థి మట్టిలోని సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిన్ తీసెను. క్షయ మీద పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అదే.

ఈ చరిత్రలో మన తెలుగువాని పాలు కూడ కలదు. 1895లో భీమవరములో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు అధిపతి అయిరి. అక్కడ బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టి నమూనాలనుండి కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకమునకు తెలియజేయబడినది. నేడు మనము వాడు డాక్సీసైక్లిన్ వంటి టెట్రాసైక్లిన్ మందుల కుటుంబములో అది మొదటిది. సుబ్బారావుగారు అదే సంవత్సరము మరణించిరి.

మన దేశములో 1954లో పూనా దగ్గర పింప్రిలో ప్రభుత్వము హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ కర్మాగారము స్థాపించినది. పెన్సిలిన్ సామాన్యునికి అందుబాటులోనికి వచ్చుటకు అది ఒక మెట్టు.

3. ఇవి ఎట్లు పనిచేయును?

బాక్టీరియా ఒక చిన్న ఇల్లు వంటిది అనుకొనుడి. దానిని పడగొట్టుటకు నాలుగు మార్గములు ముఖ్యమైనవి.

మొదటిది గోడను కట్టనియ్యకుండుట. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులు (సెఫ్‌ట్రయాక్సోన్, సెఫిక్సిమ్ మొదలైనవి), వాంకోమైసిన్ ఈ పని చేయును. మనుష్యుల కణములకు అట్టి గోడ లేదు గనుక, పడనివారికి తప్ప, పెన్సిలిన్ జాతి మందులు సాధారణముగా హాని తక్కువ చేయును.

రెండవది లోపల మాంసకృత్తులను తయారుచేయనియ్యకుండుట. జెంటామైసిన్, అమికాసిన్, అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ ఈ విధమైనవి.

మూడవది క్రిమి తన వంశమును పెంచుకొనుటకు కావలసిన డి.ఎన్.ఎ.ను పాడుచేయుట, లేక దాని పనిని ఆపుట. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ ఇట్లు చేయును.

నాలుగవది క్రిమికి అవసరమైన ఫోలిక్ ఆమ్లమును తయారుచేసికొననియ్యకుండుట. సల్ఫా మందులు, కోట్రైమాక్సజోల్ ఈ కోవలోనివి.

ఒక్కొక్క మందు కొన్ని రకముల క్రిముల మీదనే పనిచేయును. పొరుగింటివారికి కాలిపుండు మాన్పిన మాత్ర మన మూత్రపు మంటకు పనిచేయకపోవుటకు కారణము ఇదే.

4. మందు ఇచ్చుటకు ముందు నర్సు చేయవలసినవి

సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ అను ఐదు నియమములు నర్సింగ్ చదివిన ప్రతివారికిని కంఠతా వచ్చును. ఇచ్చిన వెంటనే వ్రాసిపెట్టుట ఆరవది. యాంటీబయాటిక్ విషయములో వీటికి తోడు ఈ క్రిందివి కూడ చూడవలెను.

మందు పడకపోవుటను గూర్చి అడుగవలెను. "మీకు అలర్జీ ఉందా?" అని అడిగితే చాలమంది పెద్దవారికి అర్థము కాదు, లేదనియే చెప్పుదురు. "అమ్మా, ఇంతకు ముందు ఏ మాత్రకైనా, ఏ సూదికైనా ఒంటిమీద దద్దుర్లు లేచాయా? మొహం వాచిందా? ఆయాసం వచ్చిందా? ఎవరైనా డాక్టరుగారు ఈ మందు మీకు పడదు, ఇంకెప్పుడూ వేసుకోవద్దు అన్నారా?" అని విడివిడిగా అడుగవలెను. పెన్సిలిన్ పడనివారిలో కొద్దిమందికి సెఫలోస్పోరిన్ మందులు కూడ పడవు గనుక, ఆ సంగతి డాక్టరుకు చెప్పిన తరువాతనే అట్టి సూది తీయవలెను. పరీక్ష సూది వేసి ఏమియు రాలేదన్నంత మాత్రమున పూర్తిగా ధైర్యపడకూడదు. పూర్తి మోతాదు తరువాత కూడ ప్రతిక్రియ రావచ్చును.

కల్చరు పరీక్షకు వ్రాసియున్నయెడల, రక్తము లేక మూత్రము మొదటి మోతాదుకు ముందే తీయవలెను. మందు వేసిన తరువాత తీస్తే క్రిమి పెరుగక, ఏ మందు పనిచేయునో తెలియకుండపోవును. అయితే రోగి రక్తపోటు పడిపోయి ప్రమాదస్థితిలో ఉన్నయెడల, కల్చరు నిమిత్తము మందు ఆలస్యము చేయకూడదు. అట్టివారికి మొదటి మోతాదు గంటలోపల పడవలెను.

గర్భిణియా, పాలిచ్చు తల్లియా, మూత్రపిండముల జబ్బు ఉన్నదా, కాలేయపు జబ్బు ఉన్నదా, ఇతర మందులు ఏవి వాడుచున్నారు అని తెలిసికొనవలెను. గుండె కవాటము మార్చుకొని వార్ఫరిన్ వాడుచున్నవారికి మెట్రోనిడజోల్ గాని కోట్రైమాక్సజోల్ గాని కలిస్తే రక్తస్రావము కలుగవచ్చును. షుగరు మాత్రలు వేసికొను వృద్ధులకు సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు ఇచ్చినప్పుడు రక్తములో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చును.

5. ఇచ్చునప్పుడు

వేళను గూర్చి కొంచెము వివరముగా చెప్పెదము. పెన్సిలిన్ జాతి మందులు రక్తములో తగినంత పరిమాణములో ఎంతసేపు నిలిచియుండునో అంతసేపే బాగుగా పనిచేయును. గనుక "రోజుకు మూడుసార్లు" అని వ్రాసినయెడల 8 గంటలకు ఒకసారి అని అర్థము చేసికొనవలెను. ఉదయము 6, మధ్యాహ్నము 2, రాత్రి 10 అనునది అనుకూలమైన లెక్క. ఉదయము 8కి, మధ్యాహ్నము 12కి, సాయంత్రము 5కి ఇచ్చి మూడు మోతాదులు పూర్తియైనవని కాగితము మీద గీత పెడితే, రాత్రియంతయు క్రిమికి సెలవు ఇచ్చినట్లే. జెంటామైసిన్, అమికాసిన్ వంటివి వేరు. అవి ఒక్కసారి ఎక్కువ పరిమాణమునకు చేరినప్పుడు బలముగా చంపును గనుక, చాలమందికి రోజుకు ఒకసారియే ఇచ్చెదరు.

నరములోనికి ఇచ్చు మందులు త్వరపడి తోయకూడదు. వాంకోమైసిన్ కనీసము ఒక గంటసేపు సిలైనులో కలిపి నెమ్మదిగా ఎక్కించవలెను. వేగముగా ఎక్కిస్తే ముఖము, మెడ, రొమ్ము ఎర్రబడి దురద పుట్టును, రక్తపోటు పడిపోవచ్చును. పుట్టిన బిడ్డలకు సెఫ్‌ట్రయాక్సోన్ ఇచ్చునప్పుడు కాల్షియము ఉన్న ద్రవములు కలుపకూడదు, రెండును ఇవ్వకూడదు. బెంజథిన్ పెన్సిలిన్ లోతుగా కండలోనికే ఇవ్వవలెను. అది ఎన్నటికిని నరములోనికి పోకూడదు, పోతే గుండె ఆగిపోవచ్చును.

నోటిద్వారా ఇచ్చు మందులలో డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వేసికొనునప్పుడు పాలు, ఇనుము మాత్ర, కాల్షియము మాత్ర, కడుపు మంటకు త్రాగు తెల్లమందు దగ్గరలో ఉండకూడదు. అవి మందును పట్టుకొని రక్తములోనికి పోనియ్యవు. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీటితో కూర్చుండి మింగి, అరగంటసేపు పడుకొనకుండవలెను. లేనియెడల ఆహారనాళములో పుండు పడును.

6. ఇచ్చిన తరువాత

సూది వేసిన తరువాత రోగిని కనీసము అరగంటసేపు కనిపెట్టి చూడవలెను. దురద, దద్దుర్లు, పెదవులు, కనురెప్పలు వాచుట, గొంతు బిగుసుకొనుట, ఈల వంటి శబ్దముతో ఊపిరి, నాడి బలహీనమగుట, ఒళ్ళు చల్లబడుట కనబడినయెడల అది ప్రాణాపాయము. వెంటనే మందు ఆపవలెను, సహాయము పిలువవలెను. రోగిని వెల్లకిల పడుకొనబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టవలెను. ఊపిరాడకపోతే కూర్చుండబెట్టవలెను. ఇక్కడ మొదటి మందు అడ్రినలిన్. పెద్దవారికి మి.లీ.కు 1 మి.గ్రా. ఉన్న అడ్రినలిన్ సాధారణముగా 0.5 మి.లీ. తొడ వెలుపలి వైపు నడిమి భాగములో కండలోనికి ఇచ్చెదరు. తగ్గకపోతే 5 నిమిషములకు మరల ఇచ్చెదరు. అవిల్, డెకడ్రాన్ వంటివి దాని తరువాతివే, దానికి బదులు కావు. అడ్రినలిన్ ఆంపూలు ట్రేలో సిద్ధముగా లేనిచోట పెన్సిలిన్ సూది వేయకూడదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

రెండు మూడు రోజులలో జ్వరము దిగుచున్నదా, చీము తగ్గుచున్నదా, రోగి తినుచున్నాడా అని చూచి వ్రాయవలెను. తగ్గనియెడల డాక్టరుకు చెప్పవలెను. ఆ వేళకు కల్చరు రిపోర్టు వచ్చియుండును. ఏ మందుకు క్రిమి లొంగునో అందులో తెలియును. డాక్టరు మందు మార్చవచ్చును, లేక తగ్గించవచ్చును. ఆ రిపోర్టు ఫైలులో మడచి పెట్టి, ఎవరును చూడకుండ మరచిపోవు సందర్భములు కలవు. దానిని డాక్టరు కంటికి తెచ్చుట నర్సు చేయగల గొప్ప మేలు.

విరేచనములు కొంచెము రావచ్చును. రోజుకు ఎన్నిసార్లు, నీళ్ళగానా, రక్తము ఉన్నదా అని అడుగవలెను. రక్తము పడినను, కడుపు ఉబ్బినను, జ్వరము మరల వచ్చినను అది చిన్న సంగతి కాదు. మేలుచేయు బాక్టీరియా చచ్చినచోట క్లాస్ట్రిడియం డిఫిసిల్ అను క్రిమి పెరుగవచ్చును. అట్టివారికి విరేచనములు ఆపు మాత్ర సొంతముగా ఇవ్వకూడదు.

7. కొన్ని మందులను గూర్చి ప్రత్యేక హెచ్చరికలు

జెంటామైసిన్, అమికాసిన్: ఇవి చెవులకు, మూత్రపిండములకు హాని చేయగలవు. మూత్రము ఎంత పోవుచున్నదో కొలిచి వ్రాయవలెను. చెవిలో హోరు, వినికిడి తగ్గుట, నడచునప్పుడు తూలుట ఉన్నదేమో ప్రతిదినము అడుగవలెను. పోయిన వినికిడి సాధారణముగా తిరిగి రాదు.

డాక్సీసైక్లిన్: టెట్రాసైక్లిన్ మందులు ఎదుగు పండ్లకు రంగు పట్టించును గనుక, 8 సంవత్సరములలోపు పిల్లలకును గర్భిణులకును డాక్టరు ప్రత్యేకముగా వ్రాసిన సందర్భములలో తప్ప ఇవ్వకూడదు. ఎండలో పనిచేయువారికి చర్మము కమిలిపోవచ్చును.

సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్: మడమ వెనుక నరము వంటి బంధనము నొప్పి పెట్టుట, తెగుట జరుగవచ్చును. 60 సంవత్సరములు దాటినవారికి, స్టిరాయిడ్ మందులు వాడువారికి ఈ ప్రమాదము ఎక్కువ. నొప్పి మొదలైన దినమే మందు ఆపి డాక్టరును కలువవలెను. మూర్ఛ వ్యాధి ఉన్నవారు ముందుగానే చెప్పవలెను.

మెట్రోనిడజోల్: నోరు ఇనుము నాకినట్లు ఉండును. భయపడనవసరము లేదు. సారా, బ్రాందీ త్రాగువారు ఈ మందు వాడుచున్నన్ని దినములును, ఆ తరువాత కనీసము రెండు దినములును ముట్టకూడదు. వాంతులు, గుండెదడ రావచ్చును.

కోట్రైమాక్సజోల్: సల్ఫా పడనివారికి ఇవ్వకూడదు. నోటిలో పుండ్లు, ఒంటిమీద బొబ్బలు, కండ్లు ఎర్రబడుట కనబడితే మరొక్క మాత్ర వేయక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

బెంజథిన్ పెన్సిలిన్: చిన్నతనములో కీళ్ళ వాతపు జ్వరము వచ్చి గుండె కవాటము దెబ్బతిన్న పిల్లలకు 3 లేక 4 వారములకు ఒకసారి ఈ సూది అనేక సంవత్సరములు వేయించవలసియుండును. పిల్లవాడు చక్కగా ఆడుకొనుచున్నాడని తల్లిదండ్రులు మానిపించకూడదు. ఆ సూది ఉన్న జబ్బును నయముచేయుటకు కాదు, గుండెను మరల దెబ్బ తిననియ్యకుండ కాపాడుటకు.

8. క్షయ మందులు: ఓపికకు పరీక్ష

1956లో మద్రాసులో స్థాపింపబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము లోకమునకు ఒక గొప్ప సంగతి రుజువుచేసినది. ఆ కాలమున క్షయ రోగులు కొండల మీది శానిటోరియములలో నెలల తరబడి పడియుండవలెనని నమ్మిరి. అయితే బీద రోగులు తమ ఇంటిలో ఉండి సరిగా మందులు వాడినయెడల, శానిటోరియములో ఉన్నవారితో సమానముగా నయమగుదురని ఆ కేంద్రము చూపినది. మందు ప్రతిదినము లోపలికి పోవుటయే ముఖ్యమని తేలినది.

నేడు మందులకు లొంగు క్షయకు ఆరు నెలల చికిత్స కలదు. మొదటి 2 నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అను నాలుగును, తరువాత 4 నెలలు పైరజినమైడ్ తప్ప మిగిలిన మూడును, బరువును బట్టి ప్రతిదినము ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇచ్చెదరు.

రిఫాంపిసిన్ వలన మూత్రము, కన్నీరు, చెమట నారింజ రంగు తిరుగును. ఈ సంగతి ముందుగా చెప్పనియెడల రోగి రక్తము పోవుచున్నదని భయపడి మందు మానివేయును. గర్భనిరోధక మాత్రలు దీనితో సరిగా పనిచేయవని వివాహితులకు చెప్పవలెను. ఐసోనియజిడ్ వలన అరికాళ్ళు తిమ్మిరి, మంట రావచ్చును. దానికి బి6 విటమిన్ ఇచ్చెదరు. ఇథాంబుటాల్ వాడువారికి చూపు మసకబారినను, ఎరుపు ఆకుపచ్చ రంగులు గుర్తుపట్టలేకపోయినను వెంటనే చెప్పవలెను. కండ్లు పచ్చబడుట, వాంతులు, అన్నము సహింపకపోవుట కాలేయము దెబ్బతినుచున్నదనుటకు గుర్తులు.

రెండవ నెలలో దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, బరువు పెరుగును. చాలమంది మందు మానునది అప్పుడే. పని కొరకు ఊరు మారినప్పుడు కూడ మానుదురు. ఊరు మారువారు తమ చికిత్సను క్రొత్త ఊరి కేంద్రమునకు మార్పించుకొనవచ్చును. బయలుదేరుటకు ముందే చెప్పినయెడల మందు ఒక్కదినము కూడ తప్పదు. మానినవారిలో మిగిలిన క్రిములు ఐసోనియజిడ్‌కును రిఫాంపిసిన్‌కును లొంగని మొండి క్షయగా మారవచ్చును. ఆయన దగ్గినప్పుడు ప్రక్కన కూర్చున్న మనుమరాలికి అంటుకొనునది ఆ మొండి క్షయయే. ఆ బిడ్డ ఒక్క మాత్ర కూడ తప్పలేదు, అయినను మొదటి దినమునుండే మంచి మందులు ఆమెకు పనిచేయవు.

9. మందుకు లొంగని క్రిములు

బాక్టీరియా త్వరగా పెరుగును. అనుకూలమైన స్థితిలో మన ప్రేగులలోని ఈ-కొలై అను క్రిమి 20 నిమిషములకు ఒకసారి రెండుగా చీలగలదు. కోట్ల కొలది క్రిములలో ఏ ఒకదానికో మందును తట్టుకొను గుణము కలుగును. మందు పడినప్పుడు తట్టుకొనలేనివి చచ్చును, తట్టుకొనునది మిగిలి, ఖాళీయైన చోటంతయు నిండును. అంతేకాక ఆ గుణమును ప్రక్కనున్న వేరొక జాతి క్రిమికి కూడ అందించగలదు.

దీనిని ఫ్లెమింగ్ ఆనాడే ఎరిగియుండెను. 1945లో నోబెల్ ఉపన్యాసములో ఆయన ఒక కల్పిత కథ చెప్పెను. ఒకడు గొంతు నొప్పికి సొంతముగా పెన్సిలిన్ కొని, చాలీచాలని మోతాదు వేసికొనెను. క్రిములు చావక మందుకు అలవాటుపడెను. అవి అతని భార్యకు సోకి న్యుమోనియా కలుగజేసెను. పెన్సిలిన్ ఇచ్చినను పనిచేయక ఆమె మరణించెను. ఆమె మరణమునకు బాధ్యుడెవడని ఆయన సభను అడిగెను. 2019లో లోకమంతట దాదాపు 12 లక్షల 70 వేల మరణములకు మందులకు లొంగని బాక్టీరియాయే నేరుగా కారణమని 2022లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనము లెక్కకట్టినది.

మన ప్రభుత్వము 2014 మార్చి 1 నుండి షెడ్యూల్ హెచ్-1 అను నియమమును అమలులోనికి తెచ్చినది. బలమైన కొన్ని యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు అమ్మునప్పుడు, మందుల షాపువాడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చినది పుస్తకములో వ్రాసి 3 సంవత్సరములు ఉంచవలెను. ఆ మందుల మీద ఎర్రగీతల చదరములో హెచ్చరిక ఉండును. అనేక యాంటీబయాటిక్ అట్టల మీద నిలువు ఎర్రగీత కూడ చూడవచ్చును. ఆ గీత కనబడితే డాక్టరు చీటీ లేకుండ కొనకూడదని జ్ఞాపకముంచుకొనుడి.

"ఎన్ని దినములు వాడవలెను?" అని చాలమంది అడుగుదురు. అన్ని జబ్బులకు ఒకే లెక్క లేదు. కొన్ని ఇన్‌ఫెక్షనులకు పూర్వము వాడినంత కాలము అవసరము లేదని ఇటీవలి పరిశోధనలు చూపినవి. గనుక డాక్టరులు ఇప్పుడు 3 లేక 5 దినములకే వ్రాయుట కలదు. ఎముకకు, గుండె కవాటమునకు పట్టిన ఇన్‌ఫెక్షనుకు వారముల తరబడి కావలెను. మనకు మనము తగ్గించుకొనకూడదు, మనకు మనము పొడిగించుకొనకూడదు. ఒంటికి బాగున్నదని అనిపిస్తే, ఆపవచ్చునా అని డాక్టరునే అడుగవలెను.

10. ఇంటిలో పాటించవలసినవి

సొంత ఊరినుండి దూరముగా స్థిరపడిన మనకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కలదు. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒరియానో మరాఠీయో, మందుల చీటీ మీద ఇంగ్లీషు. డాక్టరు చెప్పినది పెద్దవారికి సగమే అర్థమగును. పైగా చుట్టములను చూచుటకు నెల్లూరు, ఒంగోలు, కాకినాడ వెళ్ళినప్పుడు అక్కడ ఒక డాక్టరును, ఇక్కడ ఒక డాక్టరును చూచెదరు. ఒకరు వ్రాసినది మరొకరికి తెలియదు. గనుక ఈ క్రింది వాటిని మనవి చేయుచున్నాము.

ప్రతి ఇంటిలో ఒక మందుల నోటుపుస్తకము ఉండవలెను. ఎవరికి ఏ మందు, ఏ తేదీనుండి ఏ తేదీ వరకు, ఏది పడలేదు అని వ్రాయవలెను. ప్రయాణములో అది వెంట ఉండవలెను. మందు పడనివారు ఆ మందు పేరును ఇంగ్లీషులోను, తాము ఉన్న రాష్ట్రపు భాషలోను ఒక చిన్న కార్డు మీద వ్రాసికొని జేబులో ఉంచుకొనవలెను. స్పృహ తప్పినప్పుడు ఆ కార్డే మాట్లాడును.

డాక్టరు గది విడిచి వచ్చుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఇది యాంటీబయాటికా? ఎన్ని గంటలకు ఒకసారి? అన్నమునకు ముందా తరువాతనా? ఎన్ని దినములు? సిగ్గుపడవద్దు.

పిల్లల పొడిమందు సీసాలో కాచి చల్లార్చిన నీటిని గీత వరకు పోసి బాగుగా కుదుపవలెను. కలిపిన తేదీ సీసా మీద వ్రాయవలెను. మందును బట్టి 7 లేక 14 దినముల తరువాత మిగిలినది పారవేయవలెను. ఫ్రిజ్‌లో ఉంచవలెనా అనునది అట్టపెట్టె మీద చూడవలెను. ఇంటి చెంచాతో కొలువవద్దు, చెంచాలన్నియు ఒక్క కొలత కావు. సీసాతో వచ్చిన మూతతోనే కొలువవలెను.

ఊరినుండి వచ్చిన బంధువు తెచ్చిన మాత్రలు, పోయిన సంవత్సరము మిగిలిన మాత్రలు, పొరుగువారు ప్రేమతో ఇచ్చిన మాత్రలు వాడవద్దు. మన మాత్రలు ఇతరులకు ఇవ్వవద్దు. పాతకాలపు టెట్రాసైక్లిన్ గడువు దాటిన తరువాత వాడినందున మూత్రపిండములు చెడిన సందర్భములు వైద్య గ్రంథములలో ఉన్నవి.

ఒక మోతాదు మరచినయెడల జ్ఞాపకము వచ్చినప్పుడు వేసికొనవచ్చును. తరువాతి వేళ దగ్గరపడితే మరచినది విడిచిపెట్టవలెను. రెండును కలిపి వేసికొనకూడదు.

చివరకు, రాని జబ్బుకు మందు అవసరము లేదు. సబ్బుతో చేతులు కడుగుకొనుట, నీరు కాచి త్రాగుట, పిల్లలకు టీకాలు వేళకు వేయించుట వలన అనేక యాంటీబయాటిక్ మాత్రలు మిగులును. నీళ్ళ విరేచనములకు మొదటి మందు ఓ.ఆర్.ఎస్. ద్రవమే. పిల్లలకు దానితో జింకు మాత్రలు కూడ ఇచ్చెదరు.

ముగింపు

మన తాతముత్తాతల కాలములో చిన్న గాయము చీముపట్టి, కాన్పు తరువాత జ్వరము వచ్చి, ఆరోగ్యవంతులు వారములో చనిపోవుట సామాన్యము. మన తరమునకు ఆ భయము తగ్గినది ఈ మందుల వలననే. వీటిని మనము పాడుచేసినయెడల మన మనుమలకు వేరే మందులు సిద్ధముగా లేవు. మూడవ మంచము మీది రోగికి రాత్రి 10 గంటల మోతాదు తప్పకుండ ఇచ్చు నర్సు ఆ ఒక్కరినే గాక నాలుగవ మంచము మీది రోగిని కూడ కాపాడుచున్నది. చీటీ లేక మందుల షాపుకు వెళ్ళక ఆగినవాడును ఆలాగుననే తన పొరుగువానికి మేలు చేయుచున్నాడు.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. జలుబుకు యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదు?
2. "రోజుకు మూడుసార్లు" అను మాటను గడియారము లెక్కలో ఎట్లు చెప్పెదరు?
3. పెన్సిలిన్ సూది వేయుటకు ముందు రోగిని ఏమేమి అడుగవలెను? ట్రేలో ఏమి సిద్ధముగా ఉంచవలెను?
4. డాక్సీసైక్లిన్ వేసికొనువారికి ఏ మూడు జాగ్రత్తలు చెప్పెదరు?
5. క్షయ మందులు రెండవ నెలలో మానినవాని వలన ఎవరెవరికి నష్టము? ఎట్లు?
6. మీ ఇంటి మాత్రల పెట్టెలో ఎర్రగీత ఉన్న అట్టలు ఎన్ని ఉన్నవి? అవి ఎవరికి, ఎప్పుడు వ్రాసినవి? ఈ వారము చూచి, మిగిలిపోయినవి వేరుచేయుడి.